ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్ మార్చడం ఎలా

క్లచ్ పెడల్ లేని కారు నడిరోడ్డు మీద ఒకే గేర్‌లో బిగుసుకుపోయి, మీటర్ల మధ్యలో ‘ఎన్’ అక్షరం ఆరుతూ వెలుగుతూ ఉందంటే, వర్క్‌షాపులో మొదట వినిపించే మాట ‘టీసీఎం పోయిందండీ’ అనే. టీసీఎం అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే ఏ గేరు ఎప్పుడు పడాలో నిర్ణయించే చిన్న కంప్యూటరు. దాన్ని విప్పి కొత్తది బిగించడానికి చాలా కార్లలో అరగంట చాలు. ఆ అరగంటకు ముందు చేయవలసిన పరీక్షలకు మాత్రం సగం రోజు, తర్వాత ప్రోగ్రామింగుకు, కొత్త మాడ్యూల్‌కు గేర్లు నేర్పించడానికి మరో రెండు గంటలు పడుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ ముందు పనికే ఇస్తున్నాను. ‘పోయింది’ అని పక్కన పెట్టిన మాడ్యూళ్లలో ఏ లోపమూ లేనివి నా షెడ్డులో ఎన్నోసార్లు చూశాను కాబట్టి, ఖరీదైన వస్తువును అనవసరంగా కొనకుండా చూడడమే ఈ పనిలో మొదటి నైపుణ్యమని నమ్ముతాను.

మీ కారులో ఆ మాడ్యూల్ ఎలాంటిది

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) కార్లలో గేర్‌బాక్స్ మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. 2014లో సెలేరియోతో మారుతీ సంస్థ ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటులో, మన ఎడమ కాలూ ఎడమ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న హైడ్రాలిక్ పంపు, ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటర్, కరెంటుతో తెరుచుకునే కొన్ని సోలినాయిడ్ వాల్వులు కలిసి చేస్తాయి. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, గేర్‌బాక్సులో షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బ్రేకు మీద కాలు ఉందా లేదా, లివరు ఏ స్థానంలో ఉంది అన్న సమాచారమంతా టీసీఎంకు చేరుతుంది. దాన్ని బట్టి అది ఒక్కో సోలినాయిడ్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో లెక్క కట్టి పంపుతుంది. ఇలాంటి కార్లలో టీసీఎం విడి డబ్బాగా బ్యాటరీ ట్రే పక్కనో, గ్లవ్ బాక్సు వెనకో, డ్రైవరు కాళ్ల పైభాగంలోనో ఉంటుంది. కచ్చితమైన చోటు మీ మోడల్ వర్క్‌షాపు మాన్యువల్‌లో చూసుకోవాలి.

అన్ని ఆటోమేటిక్‌లూ ఇలా ఉండవు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చిన ఏడు గేర్ల డీక్యూ200 డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్సులో కంట్రోల్ మాడ్యూలూ హైడ్రాలిక్ వాల్వులూ పంపూ కలిపి మెకట్రానిక్ అనే ఒకే ముక్కగా గేర్‌బాక్సుకు బిగించి ఉంటాయి. జెడ్‌ఎఫ్ సంస్థ ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో అయితే మెకట్రానిక్ ఏకంగా ఆయిల్ పాన్ లోపల, నూనెలో మునిగి ఉంటుంది. ఈ రెండు రకాలనూ ప్రత్యేక పనిముట్లు లేకుండా ఇంటి ముందు విప్పకూడదు. అనేక టయోటా కార్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీఎంలోనే గేర్‌బాక్స్ కంట్రోల్ కలిసి ఉంటుంది గనుక వాటికి విడిగా మార్చే డబ్బా ఉండదు. ఇక్కడ నేను చెప్పేదంతా విడి డబ్బాగా ఉండే టీసీఎం గురించే.

మాడ్యూల్ మీద నేరం మోపే ముందు

స్కానర్ పెట్టడంతో మొదలుపెట్టండి, కానీ ఏ స్కానర్ అన్నది ముఖ్యం. ఫోనుతో కలిసే చవక రకం అడాప్టర్లు ఎక్కువగా ఇంజిన్ లోపాల కోడ్లనే చదువుతాయి. ఇంజిన్ ఈసీఎంలో పీ0700 కనిపించిందంటే ‘గేర్‌బాక్స్ వైపు ఏదో ఫిర్యాదు ఉంది, అక్కడ చూడు’ అని మాత్రమే అర్థం. అసలు సంగతి టీసీఎంలో దాచి ఉంటుంది. అందుకని ట్రాన్స్‌మిషన్, ఏబీఎస్, బాడీ మాడ్యూళ్లన్నిటినీ చదవగల స్కానర్‌తో కారు మొత్తాన్ని స్కాన్ చేసి, కోడ్లు చెరిపేయకుండా ముందు ఫొటో తీసి పెట్టుకోవాలి. యూ0101 అన్న కోడ్ ఇతర మాడ్యూళ్లలో ఉంటే, టీసీఎం తమతో మాట్లాడడం లేదని అవి చెబుతున్నట్టు. పీ0601, పీ0604, పీ0613 వంటివి మాడ్యూల్ లోపలి మెమరీ లేదా ప్రాసెసర్ గురించిన కోడ్లు. పీ0715 షాఫ్టు వేగం చెప్పే సెన్సార్‌కు, పీ0562 వ్యవస్థకు అందే వోల్టేజి తగ్గడానికి సంబంధించినవి. లోపలి మెమరీ కోడ్ వచ్చినా కంగారు పడకండి, ఎందుకంటే బలహీనమైన బ్యాటరీ కూడా ఒకోసారి అలాంటి కోడ్లను పుట్టిస్తుంది.

కాబట్టి రెండో పని బ్యాటరీ. రాత్రంతా నిలిపిన కారులో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కన్నా దిగిపోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. ఈ లెక్క తప్పితే ముందు బ్యాటరీనో ఆల్టర్నేటర్‌నో సరిచేసి, కోడ్లు చెరిపి, రెండు రోజులు నడిపి చూడండి. సగం కేసులు ఇక్కడే ముగియకపోయినా, కొన్ని తప్పకుండా ముగుస్తాయి.

తర్వాత టీసీఎంకు వచ్చే కరెంటు, ఎర్త్. మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మి మోసపోయేది ఇక్కడే. వైరులో ఇరవై పోగులుండగా పందొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా, మీటరు చక్కగా 12 వోల్టులు చూపిస్తుంది. అందుకని వెనక లైటుకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి, టీసీఎంకు వైర్లు వచ్చి కలిసే కప్లర్ విప్పి, సప్లయ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఆ బల్బును వెలిగించి చూడాలి. పిన్నుల్లో నేరుగా గుచ్చకుండా సరిపోయే టెర్మినల్ వాడాలి, లేకపోతే పిన్ను వదులై కొత్త జబ్బు తెచ్చినవాళ్లమవుతాం. బల్బు తెల్లగా నిండుగా వెలిగితే దారి బాగున్నట్టు, మసకగా ఎర్రగా వెలిగితే ఆ దారిలో ఎక్కడో కుత్తుక నొక్కేసినట్టు. బల్బు వెలుగుతుండగానే ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెడితే 0.1 వోల్టు కన్నా తక్కువ రావాలి. అంతకు మించి వస్తే ఎర్త్ బోల్టు విప్పి చూడండి. దాని కింద పచ్చటి చిలుము ఉండే అవకాశం ఎక్కువ.

మా బావగారి చిన్న కారు విషయంలో ఇదే జరిగింది. వేసవిలో ఏసీ వేసుకుని ఊరు వెళ్లివచ్చిన వారానికి గేర్లు పడడం మానేసింది. ఒక వర్క్‌షాపువాళ్లు టీసీఎం మార్చాలని తేల్చి అంచనా కాగితం కూడా చేతిలో పెట్టారు. గ్లవ్ బాక్సు విప్పి, కప్లర్ వెనక ఉన్న రబ్బరు తొడుగును వేళ్లతో జరిపేసరికి చల్లటి నీటి చుక్క ఒకటి అరచేతిలో పడింది. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుపోయి, ఆ నీరు వైరింగ్ వెంట జారి కప్లర్‌లోకి చేరింది. లోపల నాలుగో వరసలో రెండు పిన్నులు మైలుతుత్తం రంగుకు తిరిగి ఉన్నాయి. గొట్టం శుభ్రం చేసి, ఆ రెండు టెర్మినళ్లు మార్చి, వైరింగ్ కప్లర్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా కట్టాం. ఇప్పుడు నీరు వచ్చినా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పాత మాడ్యూలే నేటికీ ఆ కారులో ఉంది.

నీటి తర్వాత అనుమానించవలసింది ఎలుకలను. ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న కారులో బోనెట్ కింద వైరు తొడుగులు కొరికి ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి, కంటికి కనిపించని వెనక వైపునే అవి ఎక్కువగా కొరుకుతాయి.

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్ల జతను కూడా పరీక్షించాలి. బ్యాటరీ విప్పి, స్కానర్ పెట్టే ఓబీడీ కప్లర్‌లో 6వ, 14వ పిన్నుల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓమ్‌ల దగ్గర రావాలి. ఈ జతకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండడమే దీనికి కారణం. 120 వస్తే ఒక చివర తెగినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలినట్టు. మాడ్యూళ్ల మధ్య సమాచారాన్ని పంచే గేట్‌వే మాడ్యూల్ ఉన్న కార్లలో ఓబీడీ పిన్నులకు అసలు క్యాన్ వైర్లు నేరుగా కలవవు కాబట్టి, అలాంటిచోట టీసీఎం కప్లర్ దగ్గరే కొలవాలి.

ఇక చివరి పరీక్షను దయచేసి ఎవరూ వదిలేయకండి. టీసీఎం నడిపే సోలినాయిడ్లనూ పంపు మోటారు సర్క్యూట్‌నూ కప్లర్ వైపు నుంచే ఓమ్‌లలో కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చాలి. ఒకే రకం సోలినాయిడ్లు రెండు మూడు ఉంటే, అవి ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉండాలి. ప్రతి దానికీ కారు బాడీకీ మధ్య ఏ కలయికా ఉండకూడదు. ఇందులో నాకు తగిలిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. ఒక కారులో మాడ్యూల్ నిజంగానే కాలిపోయింది. మూత తీస్తే సోలినాయిడ్‌కు కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్ నల్లగా పగిలి కనిపించింది కూడా. కారణం దొరికిందన్న తొందరలో సోలినాయిడ్‌ను కొలవకుండా కొత్త మాడ్యూల్ బిగించాను. తాళం తిప్పిన నాలుగో నిమిషంలో అదే వాసన మళ్లీ వచ్చింది. లోపల చుట్ట షార్ట్ అయిన సోలినాయిడే మొదటి దాన్ని చంపింది, రెండో దాన్నీ చంపింది. ఆ రెండో మాడ్యూల్ ఖరీదు యజమానిని అడగలేక నేనే పెట్టుకున్నాను.

ఇన్ని పరీక్షలూ నెగ్గి, సప్లయ్, ఎర్త్, క్యాన్, సోలినాయిడ్లు అన్నీ సరిగ్గా ఉండి, అయినా టీసీఎం పలకడం లేదంటే అప్పుడు నిశ్చయంగా మాడ్యూల్‌నే తప్పుపట్టవచ్చు. కారు చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, గంట తర్వాత మళ్లీ బాగుపడుతుంటే, బోర్డు మీద టంకం పగిలి ఉండవచ్చన్న అనుమానం బలపడుతుంది. మాడ్యూళ్లే పాడయ్యే సందర్భాలు లేకపోలేదు. అమెరికాలో అమ్ముడైన కొన్ని ఫియెస్టా, ఫోకస్ పవర్‌షిఫ్ట్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) కార్లకు ఫోర్డ్ సంస్థ టీసీఎం వారంటీనే 10 ఏళ్లకు లేదా 1,50,000 మైళ్లకు పొడిగించవలసి వచ్చింది. ఆ గడువు ఇప్పటికి చాలా కార్లకు దాటిపోయింది. అయినా అక్కడ ఆ కార్లు నడుపుతున్న మనవాళ్లు చేతి డబ్బు పెట్టే ముందు తమ కారు మొదట అమ్ముడైన తేదీ ఒకసారి సరిచూసుకోవాలి.

కొత్తది తెచ్చుకోవడం

మాడ్యూల్ మీద అతికించిన కాగితంలో ఉన్న పార్ట్ నంబరును చివరి అక్షరంతో సహా రాసుకోండి. పైకి ఒకేలా కనిపించే రెండు డబ్బాలకు చివరి అక్షరం మారితే లోపలి సర్క్యూటో సాఫ్ట్‌వేరో మారుతుంది. కొత్త మాడ్యూల్ సాధారణంగా ఖాళీగా వస్తుంది కాబట్టి, మీ ఛాసిస్ నంబరూ సాఫ్ట్‌వేరూ దానిలో వేయించాలి. అందుకు కావలసిన కంపెనీ స్కానర్ లేదా జే2534 అనే ప్రోగ్రామింగ్ ప్రమాణం ప్రకారం పనిచేసే పరికరం ఎవరి దగ్గరుందో కొనకముందే మాట్లాడుకోవాలి, కొన్న తర్వాత వెతికితే కారు వారాల తరబడి షెడ్డులో ఉండిపోతుంది.

సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ చవకగా దొరికినా దానిలో పాత కారు ఛాసిస్ నంబరు, పాత క్లచ్ ప్లేట్ అరుగుదల లెక్కలు ఉంటాయి. కొన్ని కార్లలో దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్‌తో ముడిపడి ఉండడం వల్ల ఇంజిన్ స్టార్ట్ కూడా కాదు. పాత మాడ్యూల్ మెమరీ చిప్‌ను చదివి రెండో దానిలోకి యథాతథంగా ఎక్కించగల నిపుణుడు అందుబాటులో ఉంటేనే ఆ దారి పట్టండి. పగిలిన టంకం వంటి చిన్న లోపమైతే, ఉన్న బోర్డునే బాగుచేయించుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది. కోడింగ్ అంతా అందులోనే భద్రంగా ఉంటుంది కాబట్టి మళ్లీ వేయించే పని సాధారణంగా ఉండదు.

విప్పడం, బిగించడం

పాత మాడ్యూల్ ఇంకా ఏ కొంచెమైనా స్కానర్‌తో మాట్లాడుతుంటే, విప్పకముందే దానిలోని కోడింగ్, నేర్చుకున్న విలువలు స్కానర్‌లో దాచుకోండి. ఒకసారి విప్పాక ఆ అవకాశం రాకపోవచ్చు. తర్వాత కారును సమతలమైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి. ఏఎంటీ కారైతే వీలుంటే న్యూట్రల్‌లోకి తెచ్చి ఆపండి, ఎందుకంటే గేర్‌లో ఉండగా కరెంటు తీసేస్తే అది ఆ గేర్‌లోనే ఉండిపోయి, కారును తోసి జరపడానికి కూడా వీలుండదు.

తాళం తీసి, తలుపులు మూసి, మాడ్యూళ్లన్నీ నిద్రలోకి జారుకునేందుకు పదిహేను నిమిషాలు వదిలేయాలి. చాలా ఏఎంటీ కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే చాలు, ఒత్తిడి నింపడానికి పంపు జుయ్యిమని తిరుగుతుంది. కాబట్టి ఈ పదిహేను నిమిషాలూ తలుపు జోలికి పోకండి. ఆపైన ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. డ్యాష్‌బోర్డు పరిసరాల్లో పనిచేయవలసి ఉంటే, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిల్వ ఉన్న కరెంటు దిగిపోవడానికి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఇంకో హెచ్చరిక: హైడ్రాలిక్ గొట్టాల జోలికి మాత్రం వెళ్లకండి. కారు టైరులో ఉండేది 2 బార్ పైచిలుకు గాలి అయితే, ఏఎంటీ అక్యుములేటర్‌లో 40 బార్ లేదా అంతకు మించిన నూనె ఒత్తిడి నిలిచి ఉండవచ్చు. మాడ్యూల్ మార్చడానికి ఆ గొట్టాలు విప్పవలసిన అవసరం ఏమీ లేదు.

కప్లర్‌కు ఎక్కువగా ఒక లివరు తాళం ఉంటుంది. దాని చిన్న నొక్కు నొక్కి లివరును మొత్తం తిప్పితే కప్లర్ తనంతట తానే పైకి లేస్తుంది. లేవకపోతే లాక్ పూర్తిగా విడిపడలేదని అర్థం, స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. పిన్నుల మీద చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ఆరనివ్వండి. గీకుడు కాగితంతో రుద్దితే పైపూత లేచిపోయి, ఆరు నెలల్లో మళ్లీ తుప్పు పట్టుకుంటుంది. తర్వాత అదే కొలత గల విడి మగ పిన్నును కప్లర్‌లోని ఒక్కో ఆడ టెర్మినల్‌లోకి మెల్లగా దూర్చి లాగి చూడండి. ప్రతిచోటా వేలికి ఒకే రకమైన పట్టు తెలియాలి. ఎక్కడైనా జారిపడినట్టు వచ్చేస్తే ఆ టెర్మినల్ వదులైనట్టే, దాన్ని మార్చకుండా ముందుకు పోవద్దు.

కొత్త మాడ్యూల్‌ను బిగించే క్షణం దాకా దాని సంచిలోనే ఉంచాలి. పొడి వాతావరణంలో పాలియెస్టర్ బట్టలతో సీటు కవర్ మీద జరిగితే ఒంట్లో పుట్టే స్థిర విద్యుత్తు లోపలి చిప్పులను దెబ్బతీయగలదు. అందుకని ముందు కారు బాడీలో పెయింట్ లేని ఇనుమును ముట్టుకుని, ఆ తర్వాతే మాడ్యూల్‌ను అంచులు పట్టుకుని తీయాలి, పిన్నులకు వేలు తగలకూడదు. బోల్టులను చేత్తో పట్టించి, చివరికి పానాతో మెల్లగా బిగించండి. ఇవి చిన్న బోల్టులు, సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల లోపే సరిపోతాయి. గట్టిగా బిగిస్తే చెవి విరిగిపోతుంది. కప్లర్ పెట్టి లివరు తిప్పి టక్కుమన్న శబ్దం వినాలి. అంతా పూర్తయిన తర్వాతే బ్యాటరీ కలపాలి.

ప్రోగ్రామింగ్, నేర్పించడం

సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నప్పుడు వోల్టేజి పడిపోతే కొత్త మాడ్యూల్ అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. కాబట్టి బ్యాటరీకి నిలకడగా 13 వోల్టుల పైచిలుకు ఇచ్చే సపోర్ట్ యూనిట్ పెట్టాలి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ ఇచ్చే కరెంటులో అలలుంటాయి గనుక అది పనికిరాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ యూనిట్‌నూ లాప్‌టాప్‌నూ ఇన్వర్టర్ మీద నడపండి. ఏసీ, ఫ్యాను, లైట్లు ఆపి, తలుపులు తెరవకుండా కూర్చోండి. ఛాసిస్ నంబరు, కారు వివరాల కోడింగ్, సాఫ్ట్‌వేర్ స్కానర్ చెప్పిన వరసలోనే వేసి, కోడ్లు చెరిపి, తాళం ఒకసారి తీసి మళ్లీ వేయాలి.

తర్వాతిది నేర్పించడం. కొత్త మాడ్యూల్‌కు మీ క్లచ్ ప్లేట్ ఎంత అరిగింది, అది ఏ చోట పట్టడం మొదలుపెడుతుంది, ఒక్కో గేరు ఎక్కడ పడి ఎక్కడ ఆగుతుంది అన్నదేమీ తెలియదు. స్కానర్‌లోని లెర్నింగ్ లేదా అడాప్టేషన్ ఆదేశం ఇస్తే అది ఒక్కో గేరును తానే వేసి తీసి చివరల్ని కొలుచుకుంటుంది. ఆ సమయంలో గేర్‌బాక్సులోంచి టకటకమన్న చప్పుళ్లు రావడం సహజం, భయపడి తాళం తీయకండి. ఇంజిన్ వేడిగా ఉండాలా, నడుస్తుండాలా, బ్రేకు తొక్కి ఉంచాలా అన్నది కారును బట్టి మారుతుంది గనుక తెర మీద వచ్చిన షరతులు చదివాకే మొదలుపెట్టాలి. మధ్యలో ఆగిపోతే హైడ్రాలిక్ నూనె మట్టం, బ్యాటరీ వోల్టేజి చూసి మళ్లీ ప్రయత్నించండి. రెండుసార్లు ఒకే గేరు దగ్గర ఆగితే లోపం గేర్లు మార్చే యాక్చువేటర్‌లో ఉందని అనుకోవచ్చు.

రోడ్డు మీదికి తీసుకెళ్లే ముందు ఖాళీ స్థలంలో ముందుకు, వెనక్కు మెల్లగా కదిలించి చూడండి. క్లచ్ పట్టే చోటు సరిగ్గా నేర్చుకోని ఏఎంటీ కారు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక్కి జారే ప్రమాదం ఉంది. అందుకని ముందు చిన్న ఎత్తు మీద, వెనక ఎవరూ లేనప్పుడు పరీక్షించాలి. ఆపైన ఇరవై ముప్పై కిలోమీటర్లు యాక్సిలరేటర్‌ను సమంగా తొక్కుతూ, ఆగుతూ బయల్దేరుతూ అన్ని గేర్లూ పడేలా నడపండి. మొదట్లో గేర్లు కొంచెం కుదుపుతో పడినా, టీసీఎం తన లెక్కలు సవరించుకునే కొద్దీ నెమ్మదిస్తాయి. కారు పూర్తిగా వేడెక్కాక ఒకసారి, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి మొత్తం మాడ్యూళ్లను స్కాన్ చేయండి. పాత మాడ్యూల్‌ను కనీసం నెల రోజులు పారేయకుండా, ముందు తీసిన కోడ్ల ఫొటోలతో కలిపి ఒక సంచిలో భద్రపరచండి. దానిలోని కోడింగ్ మళ్లీ చదవవలసిన అవసరం రావచ్చు.